కెర్నెల్ అప్‌డేట్ తరువాత లినక్స్ బూట్ కావడం లేదు

ప్రశ్న: నమస్కారం. నిన్న రాత్రి ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్‌లు వేస్తుండగా ఏదో హెచ్చరిక కనిపించినా, నిద్రమత్తులో చదవకుండానే రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు నల్లని తెరపై "కెర్నెల్ ప్యానిక్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అని వచ్చి ఆగిపోతోంది. మా అమ్మాయి ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేయక తప్పదా?

జవాబు 1: అయ్యా, ఫార్మాట్ మాట ఎత్తకండి, మీ ఫైళ్లకు ఏమీ అయి ఉండకపోవచ్చు. కొత్త కెర్నెల్‌కు (లినక్స్‌లో యంత్రాన్ని నడిపే మూల భాగం) తోడుగా తయారు కావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు సగంలో ఆగిపోతే, డిస్కును చదవడానికి కావలసిన డ్రైవర్లు అందక కెర్నెల్ సరిగ్గా ఇలాగే చేతులెత్తేస్తుంది. ఆన్ చేయగానే ఎస్కేప్ గానీ, పాత యంత్రమైతే షిఫ్ట్ గానీ నొక్కి, ఏ కెర్నెల్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరిచి పాత కెర్నెల్‌ను ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: పాత కెర్నెల్‌తో తెరుచుకుందండీ! చూస్తే కెర్నెల్ ఫైళ్లుండే బూట్ పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది.

జవాబు 2: అందులో చోటు చాలకే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగి ఉంటుంది. ముందు మీ అమ్మాయి ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తరువాత వాడని పాత కెర్నెళ్లను ప్యాకేజీ మేనేజర్ (ప్రోగ్రాములను వేసే, తీసే సాధనం) ద్వారానే తొలగించండి. చేత్తో ఫైళ్లు చెరిపేస్తే వాటి లెక్క ప్యాకేజీల జాబితాలో అలాగే మిగిలిపోయి తరువాతి అప్‌డేట్‌లో మళ్లీ చిక్కు వస్తుంది (నేనొకసారి ఆ పని చేసి ఆదివారమంతా పోగొట్టుకున్నాను). ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్‌ను మాత్రం ముట్టుకోకండి. చోటు ఖాళీ అయ్యాక, మీ లినక్స్ డెబియన్ కుటుంబానిదైతే (ఉబుంటు లాంటిది), "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్", ఆపై "అప్‌డేట్-గ్రబ్" ఆదేశాలు నడిపి రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న అడిగినవారు: నాలుగు పాత కెర్నెళ్లు తీసేశాక కొత్తదానితోనే బూట్ అయింది. ఇద్దరికీ కృతజ్ఞతలు.