అప్‌డేట్: జడ్పీ హైస్కూల్లో కెరీర్ టాక్ అయిపోయింది, ఏది పనిచేసిందంటే

పదో తరగతి పిల్లలకు విసుగు రాకుండా కెరీర్ గురించి ఎలా చెప్పాలని అడిగాను కదా, మొన్న వెళ్లొచ్చాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బాగా పనిచేసింది పేర్లు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాయించమన్న సలహా. అడగమంటే ఒక్కరూ చెయ్యెత్తలేదు గానీ చాక్‌పీసుల డబ్బా నిండా చీటీలు వచ్చాయి. ఒకదాంట్లో "ఇంట్లో ఇంటర్ చదివించలేమంటున్నారు, ఇంకేం దారుంది సార్?" అని ఉంది. ఎక్కువసేపు దాని మీదే మాట్లాడాను. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే 3 ఏళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ అనే ఇంకో ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాది. పదో తరగతి మార్కులతోనే సీటిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ. ఐటీఐ ట్రేడులు. వెనక బెంచీల వాళ్లూ నోట్సులు తీశారు. పీపీటీ, ప్రొజెక్టర్ అవసరమే పడలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రశ్నలు మాత్రం తప్పక వస్తాయి, వివరాలు ముందే కనుక్కుని వెళ్లండి.