ఓపెన్‌జీఎల్ కోడ్ క్యూటీ విడ్జెట్ లోపల ఉండాలా, బయట ఉండాలా?

ప్రశ్న: యంత్రభాగాల త్రీడీ నమూనాలను చూపే డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను క్యూటీలో (విండోలు, బటన్లు, మెనూలు అందించే టూల్‌కిట్) రాస్తున్నాం. బొమ్మలను ఓపెన్‌జీఎల్‌తో (గ్రాఫిక్స్ కార్డుచేత గీయించే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్) గీస్తున్నాం. బొమ్మ గీసే కోడ్ మొత్తం క్యూఓపెన్‌జీఎల్‌విడ్జెట్ (విండోలో ఓపెన్‌జీఎల్ బొమ్మను చూపే క్యూటీ భాగం) నుంచి తీసుకున్న క్లాసులోనే ఉండాలని మా బృందంలో కొందరు, విడి లైబ్రరీగా ఉండాలని మరికొందరు వాదిస్తున్నారు. మీరేమంటారు?

జవాబు: విడిగానే ఉండాలని నేను గట్టిగా చెబుతాను. విండో తెరవడం, మౌస్ కదలికలను అందుకోవడం 1992లో వెలువడిన నాటి నుంచీ ఓపెన్‌జీఎల్ పని కాదు. ఆ బాధ్యతను గ్లట్, క్యూటీ, జీటీకే వంటి టూల్‌కిట్లు తలొక తీరుగా నెత్తికెత్తుకున్నాయి. క్యూటీ 5.4లో వచ్చిన క్యూఓపెన్‌జీఎల్‌విడ్జెట్ నేరుగా తెర మీద గీయదు. తన సొంత ఫ్రేమ్‌బఫర్‌లో (బొమ్మ పిక్సెళ్లను దాచే మెమరీలో) గీసి, దాన్ని బటన్లు, మెనూలతో కలిపి చూపిస్తుంది. అందువల్ల నీడల పాస్ (నీడల కోసం ముందుగా విడిగా గీసే దశ) ముగించి, అలవాటుగా సున్నా నంబరు ఫ్రేమ్‌బఫర్‌ను, అంటే మామూలుగా తెరకు చెందినదాన్ని, బైండ్ చేస్తే (గీయడానికి ఎంచుకుంటే), ఆ తరువాత గీసినదేదీ విడ్జెట్‌లో కనిపించదు. అలాగే 200 శాతం స్కేలింగ్ ఉన్న తెరపై విడ్జెట్ వెడల్పు 800 అని చెబితే అసలు పిక్సెళ్లు 1600 ఉంటాయి. ఆ 800నే, ఎత్తునూ అలాగే, వ్యూపోర్ట్‌కు (బొమ్మ పడే చోటు కొలతకు) ఇస్తే బొమ్మ ఎడమవైపు కింది మూలలో, పావు వంతు స్థలంలో ఒదిగిపోతుంది. గీసే ఫంక్షన్‌కు ఫ్రేమ్‌బఫర్ నంబరునూ అసలు పిక్సెళ్ల కొలతనూ బయటి నుంచే అందిస్తే ఈ రెండు చిక్కులూ ఉండవు.

ప్రతివాదం: ఆపిల్ 2018లోనే ఓపెన్‌జీఎల్‌ను వదులుకోవలసినవాటి జాబితాలో చేర్చింది. మ్యాక్‌లో అది 4.1 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది కనుక 4.3లో వచ్చిన కంప్యూట్ షేడర్లు (గ్రాఫిక్స్ కార్డుపై లెక్కలు చేసే ప్రోగ్రాములు) అక్కడ దొరకవు. క్యూటీ 6లో క్యూటీ క్విక్ (క్యూటీలోని మరో ఇంటర్‌ఫేస్ విభాగం) తన ఆర్‌హెచ్ఐ పొర ద్వారా, ఓపెన్‌జీఎల్‌కు బదులు ఆయా వ్యవస్థల సొంత గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్‌లైన విండోస్‌లో డైరెక్ట్3డీని, మ్యాక్‌లో మెటల్‌ను వాడుకుంటోంది. 6.7 నుంచి అదే పొరతో గీసే క్యూఆర్‌హెచ్ఐవిడ్జెట్ కూడా ఉండగా, మొత్తం టూల్‌కిట్‌కే అప్పగించవచ్చు కదా?

జవాబు: మ్యాక్ గురించి మీరు చెప్పినది కాదనలేనిది. చిన్న గ్రాఫో, అలంకరణో అయితే నేనూ ఆర్‌హెచ్ఐనే ఎంచుకుంటాను. కానీ ఆ పొరకు కొత్త వెర్షన్లలోనూ పాత కోడ్ నడుస్తుందని క్యూటీ ఇచ్చే హామీ పరిమితమే, పైగా ఇంజినీరింగ్ అప్లికేషన్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. ఇంతకుముందరి ఓపెన్‌జీఎల్ విడ్జెట్ అయిన క్యూజీఎల్‌విడ్జెట్‌ను నమ్ముకుని రాసిన కోడ్‌ను, అది క్యూటీ 6లో లేకుండా పోయినందున, మార్చుకోక తప్పలేదు. విడి లైబ్రరీ ఉన్నవారికి ఆ మార్పు పై పెంకుతోనే, అంటే విడ్జెట్ భాగంతోనే, ఆగుతుంది. రేపు మ్యాక్ కోసం మెటల్‌లో గీయవలసి వచ్చినా మెనూల జోలికి పోనక్కరలేదు, విండో తెరవకుండానే బొమ్మలను పరీక్షించుకోవచ్చు కూడా. ముందుగా మీ గీసే కోడ్‌లో క్యూటీ హెడర్లు (క్యూటీ క్లాసులను తెచ్చే #include ఫైళ్లు) ఎన్నిచోట్ల ఉన్నాయో వెతికి చూడండి. తీసివేత అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.