తడి రోడ్డు మీద ముందు బ్రేకు ముట్టుకోవాలా, వద్దా?

మూడోగేరు:
బండి నేర్పేటప్పుడు చాలామంది చెప్పే మాట: "వానలో ముందు బ్రేకు జోలికి పోకు, వెనక బ్రేకుతోనే ఆపుకో." శిక్షణ ఇచ్చేవాళ్లేమో పొడి రోడ్డయినా తడి రోడ్డయినా రెండూ కలిపే వాడమంటారు. నా ప్రశ్న ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం తిరగడం ఆగిపోకుండా చూసే ఏర్పాటు) లేని 100–150 సీసీ మామూలు బండి గురించి. తడిసిన తారు, జీబ్రా గీతల పెయింటు, ఇనుప మూతలు, ఒలికిన డీజిల్, మలుపులో కంకర... వీటన్నిటికీ ఒకటే సమాధానం చెప్పగలమా? "అందరూ ఇలాగే చేస్తారు" అని కాకుండా కారణంతో చెప్పండి.

తడిరోడ్డు:
వెనక బ్రేకే. వెనక చక్రం లాక్ అయితే, అంటే తిరగడం ఆగి జారితే, బండి తోక ఊపుతుంది గానీ ముందు చక్రం దొర్లుతూనే ఉంటుంది కాబట్టి హ్యాండిల్ మన మాట వింటుంది. బండి నిటారుగా ఉంటే అలాగే ఈడ్చుకుంటూ పోయి ఆగుతుంది. అదే ముందు చక్రం లాక్ అయితే? చక్రం దొర్లినంతసేపే హ్యాండిల్ పనిచేస్తుంది. దొర్లడం ఆగిందంటే సెకను లోపే బండి పక్కకు ఒరిగిపోతుంది. భయంలో బిగుసుకున్న వేళ్లు అంత త్వరగా లివర్ వదలవు. వెనకది జారితే సర్దుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది, ముందుది జారితే దొరకదు.

చైన్‌స్ప్రాకెట్:
తడిరోడ్డు గారూ, లాక్ అయ్యాక జరిగేది మీరు సరిగ్గా చెప్పారు. కానీ లాక్ కాకముందు ఎంత దూరంలో ఆగుతామన్నది వదిలేశారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది.

లెక్క చూద్దాం. మనిషి కూర్చున్న బండి బరువు రెండు చక్రాల మీదా సగం సగం ఉందనుకోండి. గురుత్వ కేంద్రం ఎత్తు చక్రాల మధ్య దూరంలో 45 శాతం అనుకోండి. మామూలు బండ్లకు ఇది పెద్ద తేడా లేని అంచనా. మంచి తడి తారు మీద ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు కొలత) 0.5 అనుకుంటే, 50 కి.మీ. వేగం నుంచి రెండు బ్రేకులూ పూర్తిగా వాడితే సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే అయితే సుమారు 48 మీటర్లు. మనం స్పందించేలోపు బండి పోయే దూరం వీటికి అదనం. ముందు లారీ ఆగిపోయి ఉంటే ఆ 28 మీటర్ల తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

"ఆఖరి అంచు దాకా ఎవడు పిండగలడు" అంటారు. సరే, ముందు బ్రేకు దాని సత్తాలో సగమే, వెనకది 80 శాతమే వాడదాం. అప్పుడు 32 మీటర్లు. వెనకది ఒక్కటే 80 శాతం వాడితే 58. అంటే భయపడుతూ సగం పట్టుకున్న ముందు బ్రేకు కూడా 26 మీటర్లు మిగిలిస్తోంది.

తడిరోడ్డు:
లెక్క బాగుంది. కానీ అదే లెక్కలోంచి నాకు పనికొచ్చే అంకె మీరు చెప్పలేదు. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపితే బరువంతా ముందుకు వాలిపోయి వెనక చక్రం మీద మిగిలేది దాదాపు 14 శాతం. తడి మీద గట్టిగా ఆపినా 27 శాతం ఉంటుంది. డీజిల్ లాంటి చోట, గుణకం 0.2 అనుకుంటే, 41 శాతం. అంటే రోడ్డు ఎంత జారితే వెనక బ్రేకు విలువ అంత పెరుగుతుంది. పాతవాళ్ల సలహాకు పునాది ఇదే. పొడి రోడ్డు మీద దండగనిపించే వెనక బ్రేకు తడి మీద బాగా పనికొస్తుంది.

చైన్‌స్ప్రాకెట్:
ఒప్పుకుంటాను, ఆ మాట నేనే చెప్పాల్సింది. తడి మీద పెడల్ మీద ఇంకాస్త ఎక్కువ భారం వేయాలి, నిజమే. కానీ 41 శాతం వెనక ఉంటే 59 ముందే ఉంది కదండీ. "వెనకదాన్ని పెంచు" అనడం వేరు, "ముందుదాన్ని ముట్టుకోకు" అనడం వేరు.

గ్యారేజీ గోడ:
మీరిద్దరూ బ్రేకులు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయనుకుని మాట్లాడుతున్నారు. తడిలో ముందు చక్రం లాక్ అయిన బండిని విప్పి చూస్తే చాలాసార్లు తప్పు నడిపినవాడిది కాదు.

డిస్క్ తడిసినప్పుడు దాని మీద నీటి పొర ఉంటుంది. లివర్ పట్టగానే బ్రేకు పడదు. ఇంకా గట్టిగా పడతాం. ఆ లోపు ప్యాడ్లు నీటిని తుడిచేస్తాయి, బ్రేకు ఒక్కసారిగా కరుస్తుంది. చాలామంది "ముందు బ్రేకు మోసం చేసింది" అనేది దీన్నే. వానలో వెళ్తూ, ముందూ వెనకా ఖాళీగా ఉన్నప్పుడు, లివర్‌ను ప్యాడ్ డిస్క్‌కు తగిలేంత మాత్రం రెండు మూడు సెకన్లు పట్టి వదలండి. డ్రమ్ అయితే నీళ్లలోంచి బయటికొచ్చాక ఇంకాస్త ఎక్కువసేపు రాపాడించాలి. రాత్రంతా చెమ్మలో నిలబెట్టిన డ్రమ్ ఉదయం మొదటి బ్రేకుకు గబుక్కున పట్టేస్తుంది. ఇంటి దగ్గరే నెమ్మదిగా రెండుసార్లు బ్రేకు వేసి చూసుకుని బయల్దేరండి.

వెనక పెడల్ మరీ ఎత్తులో ఉంటే పాదం లేపి తొక్కాలి, అలా తొక్కితే పిసరంత ఒత్తిడి అన్నది కుదరదు. ఫుట్‌రెస్ట్ మీద పాదం ఉండగానే బొటనవేలు కింద పెడల్ తగలాలి. డ్రమ్ బండ్లకు పెడల్ ఆట (బ్రేకు పట్టేలోపు ఖాళీగా కదిలే దూరం) సాధారణంగా 20 నుంచి 30 మి.మీ. ఉంటుంది, మీ బండి పుస్తకం చూసి పెట్టించుకోండి. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులైతే బ్రేకు పట్టగానే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) టకటకలాడుతుంది, ఆ కుదుపుకే తడిలో టైరు పట్టు వదిలేస్తుంది.

ఇక టైరు. పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడులు లోతుగానే ఉన్నా, ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడితే గోరు దిగదు. అది తడిలో పట్టుకోదు. "వానకు గాలి తగ్గించు" అనే సలహా మాత్రం దయచేసి వినకండి. గాలి తగ్గితే గాడులు మూసుకుపోతాయి, నీరు బయటికి పోయే దారే ఉండదు. కంపెనీ చెప్పిన పీఎస్‌ఐ, టైరు చల్లగా ఉన్నప్పుడు, అంతే. గాలి తగ్గించడం లోతైన ఇసుకలో పనికొచ్చే కిటుకు.

ఒక్కమాట: బండి కడిగాక టైరుకు పాలిష్ రాస్తుంటారు, మెరుపు కోసం ఇంజను మీద నూనె కొడుతుంటారు. అది రోడ్డుకు తగిలే భాగం మీద పడితే డీజిల్‌ను మీతోపాటే మోసుకెళ్తున్నట్టు. చైన్‌కు నూనె వేసినప్పుడు వెనక టైరు ఎడమ కుడి అంచులు చేత్తో తడిమి చూడండి.

శిక్షణ మైదానం:
అసలు ప్రశ్న ఏ బ్రేకు అన్నది కాదనుకుంటాను. ఎంత వేగంగా పట్టారన్నది. పొడి రోడ్డు మీద కూడా లివర్‌ను గుప్పున లాగితే ముందు చక్రం లాక్ అవుతుంది, ఎందుకంటే బరువు ఇంకా ముందుకు రాలేదు. ఫోర్క్ దిగి, టైరు రోడ్డుకు అదుముకోవడానికి కొంచెం సమయం కావాలి.

కాబట్టి రెండు అంచెలు. మొదట రెండు వేళ్లతో లివర్ ఆట తీసేసి ప్యాడ్లు డిస్క్‌కు తగిలించి ఆగండి. ఫోర్క్ దిగడం అరచేతికి తెలుస్తుంది. అప్పుడు పిండండి, నిమ్మకాయ పిండినట్టు, లాగడం కాదు. తడి మీద ఆ మొదటి అంచెను ఒక అర సెకను సాగదీయండి. టైరు లాక్ అయ్యే ముందు హ్యాండిల్ తేలికైపోయినట్టు అనిపిస్తుంది. అదే హెచ్చరిక. వేళ్లు పూర్తిగా తెరవకుండా కొంచెం సడలించి మళ్లీ పిండండి. నిజంగా లాక్ అయిపోతే మాత్రం పూర్తిగా వదిలేయాలి.

నేర్చుకోవాలంటే: ఖాళీగా, చదునుగా ఉన్న తారు స్థలం, నీళ్లు చల్లి, పెయింటు గీతలు లేని చోట. హెల్మెట్, చేతులకు గ్లవ్స్, మోకాళ్లకు రక్షణ వేసుకుని 25 కి.మీ. దగ్గర మొదలుపెట్టండి. వెనక బ్రేకుతో మాత్రమే ఐదుసార్లు ఆగి సుద్దతో గీత గీయండి. తర్వాత వెనకదానికి ముందుది పిసరంత కలిపి ఐదుసార్లు. ఆగే చోటు ఎంత వెనక్కి వచ్చిందో ఆ గీతే చెబుతుంది. వేగం 40 దాకా మెల్లగా పెంచండి. వారంలో ఒక గంట చేస్తే వేళ్లకు కొలత వస్తుంది.

మూడోగేరు:
తడి తారు సంగతి తేలినట్టే ఉంది. మరి ఇనుప మూత, పెయింటు, కంకర?

శిక్షణ మైదానం:
అక్కడ నేను తడిరోడ్డు గారి వైపే. ఆ ముక్క మీద ఉన్నప్పుడు ముందు బ్రేకు వద్దు. వెనక బ్రేకూ వద్దు. ముందే, మంచి తారు మీదే, వేగం తగ్గించేసి లివర్ వదిలి దాటాలి.

60 సెం.మీ. మూతను 36 కి.మీ. వేగంతో దాటడానికి చక్రానికి పట్టేది 0.06 సెకను. మనిషి స్పందించడానికి అంతకు పదింతలు పైనే పడుతుంది. హ్యాండిల్ ఒక్కసారి జర్రుమన్నట్టు అనిపించి మనం బిగుసుకునే సరికి టైరు అప్పుడే తారు మీదికి వచ్చేసి ఉంటుంది. అంటే మనం చేసే సవరణ జారినదానికి కాదు, పట్టు దొరికిన టైరుకు తగులుతుంది. పడగొట్టేది అదే. మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి, మోచేతులు వదులుగా, రేజు అలాగే ఉంచి, చూపు అవతలి తారు మీద. రైలు పట్టాలైతే వీలైనంత నిలువుగా, 90 డిగ్రీలకు దగ్గరగా దాటండి. ఏటవాలుగా పోతే టైరు పట్టా పక్కనే పోతూ గాడిలో పడుతుంది.

మలుపుల్లో ఇంకో లెక్క. గుణకం 0.5 ఉన్న చోట సుమారు 27 డిగ్రీల వంపుకే టైరు పట్టంతా ఖర్చయిపోతుంది. 0.2 అయితే 11 డిగ్రీలకే. బ్రేకుకు మిగిలేది సున్నా. కంకర మలుపులో కనబడితే బండిని నిటారుగా లేపి, వంగిన శరీరాన్ని మాత్రం లోపలివైపే ఉంచండి. కంకర దాకా చోటుంటే ఆ నిటారు క్షణంలో బ్రేకు వేసి, కంకర మీదికి వచ్చేముందు వదలాలి.

చైన్‌స్ప్రాకెట్:
ఇంజను బ్రేకింగ్ కూడా వెనక బ్రేకే అని మర్చిపోతారు. పెయింటు గీతల మీద రెండో గేరులోకి దించి క్లచ్ టప్పున వదిలితే చాలు, పెడల్ ముట్టకుండానే వెనక చక్రం లాక్. ఎక్కువ గేరులో, క్లచ్ మెల్లగా. కూడళ్లలో లేన్ నడిమి భాగంలో నూనె కారి ఉంటుంది, కార్ల చక్రాలు పోయే జాడలో నడపండి. చాలా రోజులు ఎండాక పడే మొదటి వాన మొదటి పావుగంట, అరగంట మరీ జాగ్రత్త. దుమ్ము, నూనె, రబ్బరు పొడి కలిసి తేలుతుంటాయి, కొట్టుకుపోయేంత నీరు ఇంకా పడి ఉండదు.

తడిరోడ్డు:
తడి తారు మీద రెండూ అని ఒప్పుకుంటున్నా, మొదటి అంచె నేర్చుకున్నవాళ్లకు. కొత్తగా నేర్చుకున్న పిల్లవాడికి మొదటి వానలో "ముందుది పిండు" అని నేను చెప్పలేను, అది ప్రమాదం. 40 దాటకుండా, ముందు బండికి కనీసం నాలుగు సెకన్ల దూరం ఇచ్చి వెనకదాని మీద రమ్మంటాను. ఇంకోటి: వెనక చక్రం లాక్ అయి తోక బాగా పక్కకు పోయాక పెడల్ వదలమనే సలహా చాలాచోట్ల చూస్తున్నా. అది తప్పు.

శిక్షణ మైదానం:
కొత్తవాళ్ల విషయంలో నేను ఒప్పుకోనండీ. వాళ్లకు మొదటి వానకు ముందే ఆ మైదానంలో గంట కావాలి, ఎందుకంటే భయపడిన రోజు వాళ్ల వేళ్లు ఎలాగూ లివర్ మీదికే పోతాయి. పెడల్ సంగతి మాత్రం మీరన్నదే. తోక వరుసలోనే ఉంటే వెంటనే కొంచెం సడలించవచ్చు. బాగా పక్కకు వెళ్లాక వదిలితే చక్రం ఒక్కసారి పట్టు తీసుకుని మనిషిని అవతలివైపుకు ఎగరేస్తుంది. చూపు ఎదురుగా పెట్టి, బండి ఆగేదాకా తొక్కే ఉంచాలి.