సముద్రం పక్కన గేటెడ్ కమ్యూనిటీ, ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

బీచ్ పక్కన ఒక విల్లా చూశాం, చుట్టూ గోడ, గేటు దగ్గర సెక్యూరిటీ, సీసీ కెమెరాలు అన్నీ ఉన్నాయి, మా ఆవిడకి తెగ నచ్చేసింది కానీ నాకే ఎందుకో మనసులో పీకుతోంది. ఉన్నదున్నట్టు చెప్పండి.

➤ ఆరేళ్లుగా ఉంటున్నా బ్రో. దొంగల భయం లేదు గానీ ఉప్పుగాలి మాత్రం వదలదు, మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు వేలితో ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. రెయిలింగ్‌కి 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ వేస్తే టీ మరకల్లా మచ్చలొస్తాయి, 316 అడగండి, అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. అదైనా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాల్సిందే.

➤ గేటు చూసి మురిసిపోకండి సార్, బీచ్ వైపు ఎవరు కాపలా ఉంటారో అడగండి. మా దగ్గర కెమెరా అద్దాల మీద ఉప్పు పొర పట్టి రాత్రిపూట స్క్రీనంతా తెల్లగా పొగమంచులా కనపడేది, తుడిచే నాథుడు లేడు.

➤ ఇన్సూరెన్స్‌లో సముద్రపు నీళ్లు లోపలికొస్తే కవర్ అవుతుందో లేదో ముందే చదువుకోండి. పొద్దున అలల చప్పుడుకి లేవడం మాత్రం, అబ్బా.

➤ థాంక్సండీ, ఈ ఆదివారం బీచ్ వైపు నుంచి నడిచెళ్లి చూస్తా, ఎవరైనా ఆపుతారేమో.