అల్జీర్స్ పోరాటం (1957): ఆ ఎనిమిది రోజుల సమ్మె ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ పాలన నుంచి అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం గురించి చదువుతూ ఒక దగ్గర ఆగిపోయాను.

1956 సెప్టెంబర్ 30న ఎఫ్ఎల్ఎన్ (స్వాతంత్ర్యం కోసం పోరాడిన సంస్థ) మహిళలు రాజధాని అల్జీర్స్‌లో మిల్క్ బార్, కెఫెటేరియా అనే కెఫేల్లో బాంబులు పెట్టారు. అంతకుముందు ఆగస్టులో కాస్బా (అల్జీరియన్లు ఉండే పాత బస్తీ) జనం మీద యూరోపియన్ అతివాదులు పేల్చిన బాంబుకు అది జవాబు. 1957 జనవరిలో ఫ్రెంచ్ జనరల్ మస్సూ పారాట్రూపర్ల చేతికి నగర పోలీసు అధికారాలు వచ్చాయి. ఇంతవరకూ అర్థమైంది.

సరిగ్గా అప్పుడే, జనవరి 28 నుంచి, ఐక్యరాజ్యసమితి దృష్టి పడాలని ఎఫ్ఎల్ఎన్ ఎనిమిది రోజుల సమ్మెకు పిలుపిచ్చింది. సైనికులు దుకాణాల షట్టర్లు ఊడబీకారు, మనుషుల్ని ఇళ్లలోంచి లాక్కెళ్లి పనిలో పెట్టారు. అరెస్టులు, చిత్రహింసలతో ఎఫ్ఎల్ఎన్ రహస్య దళాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఫిబ్రవరిలో దొరికిన నాయకుడు లర్బీ బెన్ మిహిదీ మార్చిలో కస్టడీలో చనిపోయాడు. ఆత్మహత్య అని ఫ్రెంచ్ వాళ్లు అన్నారు. అది ఫ్రెంచ్ సైనికులు చేసిన హత్య అని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకున్నది 2024లో! ఇది చదివాక చాలాసేపు మనసు కుదుటపడలేదు. 1957 అక్టోబర్‌లో ఎఫ్ఎల్ఎన్ పోరాట యోధుడు అలీ లా పాయింట్ దాక్కున్న ఇంటినే పేల్చేశారు, అతనితోపాటు ఒక చిన్న పిల్లాడూ పోయాడు.

నగరంలో ఓడిన ఉద్యమం 1962లో దేశాన్ని గెలిచింది. అయితే ఆ సమ్మె వ్యూహపరంగా తప్పా, లేక ప్రపంచం ముందు నిలబడాలంటే తప్పనిసరా? చిత్రహింసల మీద నిరసనగా అల్జీర్స్ పోలీసు ఉన్నతాధికారి పాల్ టెట్జెన్ రాజీనామా చేశాడు కదా, దాని ప్రభావం పారిస్‌లో ఎంత? ఫ్రెంచ్ చదవగలిగినవాళ్లు, అల్జీరియాలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడి జనం ఆ సమ్మెను ఇప్పుడు ఎలా తలుచుకుంటారో కూడా చెప్పండి, ప్లీజ్.