చంద్రగిరిలో కంప్యూటర్ రైలు వేగం తగ్గించాలా, వద్దా?

చిత్తూరు_ప్యాసింజర్:
ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్ ఆటలో తిరుపతి–పాకాల–కాట్పాడి రూట్ నడుపుతున్నాను. నా బండి చంద్రగిరి లూప్‌లో (స్టేషన్‌లోని పక్క లైనులో) నిలిచి ఉండగా, కంప్యూటర్ నడిపే ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనులో ఏమాత్రం తగ్గకుండా దూసుకుపోతోంది. స్టేషన్లలో గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా చేయడం ఎలా?

రేణిగుంట_లోకో:
తగ్గించకూడదు. స్టేషన్‌లో ఆగని బండికి మెయిన్ లైను ఇచ్చి, స్టేషన్‌లోకి రానిచ్చే హోం సిగ్నల్ నుంచి బయటకు పంపే చివరి సిగ్నల్ అడ్వాన్స్‌డ్ స్టార్టర్ వరకు ఆకుపచ్చ చూపితే అది సెక్షన్ వేగంతోనే పోవాలి. నెమ్మదించాల్సింది లూప్‌లోకి తిరిగే బండి. పట్టా చీలే చోటు, అంటే టర్నౌట్, 1:12 అయితే 30, ఇంకా గట్టిగా తిరిగే 1:8.5 అయితే 15. ఆ పని పట్టాల పక్కన పెట్టే వేగం బోర్డులతో కాదు, సిగ్నళ్లతో చేయాలి. ఆటలో సిగ్నళ్ల వివరాలుండే సిగ్‌సీఎఫ్‌జీ ఫైలులో హోం సిగ్నల్ పసుపు రంగుకు వేగం రాస్తే, లూప్‌లోకి వెళ్లే ప్రతి బండీ దాన్ని పాటిస్తుంది.

కోడూరు_గూడ్స్:
కంప్యూటర్ బండి ఎంత చురుగ్గా నడవాలో చెప్పే ఎఫిషియెన్సీ శాతం తగ్గించండి, సరిపోతుంది.

పాకాల_రూట్లు:
సరిపోదు. ఎఫిషియెన్సీ తగ్గిస్తే తర్వాతి స్టాప్ వరకు దారంతా బండి ఈడుస్తుంది, ఒక్క ప్లాట్‌ఫాం దగ్గర మాత్రమే కాదు. నేను ప్రతి స్టేషన్ ముందు 30 బోర్డు, దాటాక పాత వేగం బోర్డు పెట్టి ఫైలు పంచాను. చిత్తూరు_ప్యాసింజర్ గారూ, అది దింపుకోండి.

లోకో అన్నకు నిబంధన తప్ప మనిషి కనపడడు. మా జిల్లాలోనే ఒక చిన్న స్టేషన్‌లో, ఆగని బండి గాలికి మా అమ్మ ప్లాట్‌ఫాం మీద పడి చేయి విరిగింది. ఈ రోజుకూ ఆ చేయి పూర్తిగా పైకెత్తలేదు. నేను తయారు చేసే స్టేషన్‌లో అలా జరగనివ్వను.

రేణిగుంట_లోకో:
అమ్మగారికి అలా జరగడం బాధాకరం తమ్ముడూ. కానీ బోర్డుకు ప్యాసింజరు, గూడ్సు తేడా మాత్రమే తెలుసు. కంప్యూటర్ బండి, మనం నడిపే బండి అన్న తేడా తెలియదు. నీ 30 ఆటగాడికీ పడుతుంది. పైగా రైలు తోక కూడా బోర్డు దాటేదాకా వేగం పెరగదు. అది సింగిల్ లైను. 104 కిలోమీటర్ల డబ్లింగుకు (రెండో లైను వేయడానికి) మంత్రివర్గం ఒప్పుకున్నది 2025లో. చంద్రగిరిలో ఎదురుబండి దాటే క్రాసింగ్ ఆలస్యమైతే పాకాల వరకు టైంటేబుల్ చెడుతుంది.

కోడూరు_గూడ్స్:
ఆటలో అన్ని బండ్లనూ టైంటేబుల్ ప్రకారం నడిపే టైంటేబుల్ మోడ్‌లో ఒక్కో రైలుకు విడిగా గరిష్ఠ వేగం ఇవ్వవచ్చు కదా.

పాకాల_రూట్లు:
అది కూడా ప్రయాణం మొత్తానికి! స్టేషన్ దగ్గర తగ్గించడం గురించి మాట్లాడుతుంటే మళ్లీ అదేనా? అన్నా, టైంటేబుల్ చెడితే చెడనివ్వండి. ఇంట్లో కూర్చుని నడిపేవాళ్లకు నాలుగు నిమిషాల ఆలస్యం ఏం కష్టం?

రేణిగుంట_లోకో:
ఏం కష్టమో నేను చెబుతాను. నువ్వు బోర్డులు పాతింది నా రూట్‌లో. చంద్రగిరి వంపులు, పాకాల యార్డు, ధర్మవరం వైపు చీలే పట్టాలు రాత్రుళ్లు కూర్చుని పరిచాను. ఒక్క మాట అడగకుండా మార్చి, నా పేరుతోనే వదిలావు. ఇప్పుడు బండ్లు పాకుతున్నాయని అందరూ నన్ను తిడుతున్నారు. సిగ్నళ్ల మీద నేను చేసిన పనంతా నీ బోర్డుల కింద పూడిపోయింది.

చిత్తూరు_ప్యాసింజర్:
నేను దింపుకున్న రూట్ ఎవరిదో నాకే తెలియదు. దానితో పాటు వచ్చిన వివరాల ఫైలులో లోకో గారి పేరే ఉంది.

పాకాల_రూట్లు:
ఉచితంగా ఇచ్చిన రూట్‌ను మెరుగుపరిస్తే తప్పా? మీకు రాసిన రెండు సందేశాలకు జవాబే ఇవ్వలేదు. పేరు తీసేస్తాను. బోర్డులు తీయను.

రేణిగుంట_లోకో:
జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టు కాదు. పేరు తీయడం కాదు, అసలు రూట్ ఎక్కడ దొరుకుతుందో, నువ్వు ఏ ఏ స్టేషన్లలో ఏం మార్చావో పైనే రాయి. అది రాసే వరకు ఆ ఫైలును ఇక్కడ ఉంచవద్దని నిర్వాహకులను కోరుతున్నాను.