గరాజ్ డోర్ బటన్ నొక్కి పట్టుకుంటేనే మూసుకుంటోంది, ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది

ఫ్రిస్కో_తెనాలి:
మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. రెండు కార్ల గరాజ్, ఒకటే పెద్ద డోరు. ఇల్లు 2008లో కట్టింది. అమ్మ సెప్టెంబరులో తెనాలి నుంచి వచ్చింది.

నిన్న నాలుగున్నరకి ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ లోపల గోడ దగ్గర నిలబడి బటన్ నొక్కి పట్టుకుని ఉంది. డోరు దిగుతోంది. మా పాప వంగి దాని కింద నుంచి బయటికి దూకింది. మళ్లీ లోపలికి దూరబోతుంటే నేను అరిచిన అరుపుకి పక్కింటి కుక్క కూడా మొరిగింది. ‘గుహ ఆట’ అట.

ఎందుకమ్మా అలా పట్టుకున్నావంటే, “ఒకసారి నొక్కితే కాస్త దిగి మళ్లీ పైకి పోతోందే. లైటు టపటపా కొట్టుకుంటోంది. నొక్కి పట్టుకుంటే బుద్ధిగా దిగుతోంది. నెల నుంచీ ఇలాగే వేస్తున్నా” అంది. నాకు చెప్పలేదెందుకంటే, తన లెక్కలో అది రిపేరు కాదు, కిటుకు!

పొద్దున నేను రిమోట్‌తో వేస్తే ఏ పేచీ లేదు. సాయంత్రమే మొరాయింపు. కింద రెండు వైపులా ఉన్న సెన్సర్లు తుడిచాను. స్ప్రింగ్ వదులైందేమో బిగిస్తానని మావారు వీడియో పెట్టుకుని టూల్ బాక్స్ తీశారు. బిగించనివ్వనా?

ఆర్కే_కేటీ:
ముందు ఆయన చేతిలో రెంచ్ లాక్కోండి. తలుపు పైన అడ్డంగా ఉండే ఆ స్ప్రింగే డోరు బరువంతా మోసేది. రెండు కార్ల డోరంటే 150 పౌండ్ల పైమాటే. బిగిసి ఉన్న స్ప్రింగ్ జారితే చేతి ఎముకలు మిగలవు. మామూలు స్ప్రింగ్ ఆయుష్షు 10,000 సార్లు తెరిచి మూయడం. రోజుకి నాలుగు సార్లయితే ఏడేళ్లకి దగ్గర. మీది ఎప్పుడు మార్చారో చూసుకోండి, మార్చేది మాత్రం టెక్నీషియనే.

ఇక అమ్మగారి కిటుకు. 1993 జనవరి 1 తర్వాత అమెరికాలో ఇళ్ల కోసం తయారైన ఓపెనర్లన్నిటికీ (డోరు తెరిచి మూసే మోటార్లు), మనుషులు డోరు కింద ఇరుక్కోకుండా రక్షణ ఉండాలని ఫెడరల్ రూలు. కింద ఉన్న కళ్లు, అంటే మీరు తుడిచిన ఆ సెన్సర్లు, అందుకే. మధ్యలో ఏదైనా అడ్డొస్తే ఒక్క నొక్కుకి మూయవు. కానీ గోడ బటన్ పట్టుకునే ఉంటే, ‘నేను ఇక్కడే నిలబడి చూస్తున్నాను, మూసెయ్’ అన్నట్టు లెక్క. అప్పుడు కళ్లు చెప్పేది మోటారు పట్టించుకోదు. అంటే అమ్మగారు డోరు వేసిన ప్రతిసారీ ఆ కళ్లు లేనట్టే.

సాయంత్రమే అంటున్నారు. గరాజ్ పడమరకా?

ఫ్రిస్కో_తెనాలి:
పడమరకే. తూర్పు ముఖం ఇళ్లకి మనవాళ్లు ఎగబడుతుంటే ఇది కాస్త తక్కువకి వచ్చిందని కొన్నాం. అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆర్కే_కేటీ:
అదీ సంగతి. ఆ రెండిట్లో ఒకటి కాంతి పంపేది, ఇంకోటి అందుకునేది. అందుకునేదాంట్లో ఎండ సూటిగా పడితే ఏమీ కనపడదు. ఈ నెలల్లో పొద్దు నైరుతిలో కుంకుతుంది. మీ అందుకునే కన్ను ఉత్తరం గోడకి ఉండి ఉంటుంది, దక్షిణానికి చూస్తూ. పేపర్ టవల్ చుట్టలోని అట్ట గొట్టం ముక్క కోసి దానికి గొడుగులా తొడగండి. రెండిటినీ అటూ ఇటూ మార్చినా నయమవుతుంది, కాకపోతే వేసవిలో వాయవ్యం ఎండ మళ్లీ కొట్టొచ్చు. చీపురు తగులుతోందని కొందరు వాటిని పైకి జరుపుతారు, అది మాత్రం వద్దు. నేల నుంచి 6 అంగుళాలు దాటకూడదు, పాకే పిల్లలు కిందుగా వెళ్లిపోతారు.

ఇంకో పని. టూ బై ఫోర్ చెక్క ఒకటి డోరు మధ్యలో నేల మీద వెడల్పుగా పడుకోబెట్టి, డోరు వేయండి. చెక్కకి తగిలిన 2 సెకన్లలో పైకి తిరగాలి.

ఆస్టిన్_అమ్మమ్మ:
గోడ బటన్ 5 అడుగుల ఎత్తులో ఉందో లేదో చూడమ్మా. ఉన్నా స్టూలు అందుబాటులో పెట్టకు. మా మనవడు చెప్పుల స్టాండ్ ఎక్కి నొక్కాడు.

2021 ఫిబ్రవరి మంచుకి కరెంటు పోయినప్పుడు, డోరుని మోటారు నుంచి విడదీసే ఎర్ర తాడు లాగడం నేర్చుకున్నాను. డోరు పూర్తిగా కింద ఉన్నప్పుడే లాగాలి. పైన ఉండగా లాగితే, స్ప్రింగ్ దెబ్బతిని ఉంటే దభీమని పడుతుంది. మీ అమ్మకి చూపించు, పిల్ల ముందు మాత్రం వద్దు.

ఫ్రిస్కో_తెనాలి:
గొట్టం తొడిగాం. నిన్న నాలుగున్నరకి ఒక్క నొక్కుకే దిగింది. కేటీ గారూ, మీరు మా గరాజ్ చూడకుండానే చెప్పేశారు!

చెక్క పరీక్ష మాత్రం తప్పింది. డోరు చెక్క మీద కూర్చుని మోటారు గుర్రుమంటూ నొక్కుతూనే ఉంది, పైకి తిరగలేదు. ఆ చెక్క చోట పాపని ఊహించుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. డోరు కిందికి దించి మోటారు ప్లగ్ పీకేశాం, కార్లు బయటే ఉన్నాయి. శనివారం టెక్నీషియన్ వస్తున్నాడు, స్ప్రింగ్ కూడా ఆయనే చూస్తాడు. మావారు అలిగారు.

అమ్మకి అంతా చెప్పాను. “అయితే నెల నుంచీ నేను దాని కళ్లు మూసి డోరు వేస్తున్నానా!” అంది. ఇవాళ్టి గుహ డైనింగ్ టేబుల్ కింద, అమ్మ పాత నేత చీర కప్పి.